వనస్థలిపురం నుంచి హెర్షీ దాకా: అమెరికాలోని ఒక చిన్న ఐస్ హాకీ జట్టుకు హైదరాబాదులో అభిమానిగా ఉండే పద్ధతి

అమెరికాలో పిల్లలున్న హైదరాబాదు తల్లిదండ్రులకు వీడియో కాల్‌లో మాట్లాడుకోవలసిన విషయాలు మొదటి పది నిమిషాల్లోనే అయిపోతాయి. తిన్నారా, అక్కడ చలి ఎలా ఉంది, ఇక్కడ కరెంటు పోతోందా, ఈ నెల చిట్టీ పాట ఎంతకు పోయింది అన్న ప్రశ్నలు అయ్యాక అటువాళ్ళూ ఇటువాళ్ళూ తెర మీద ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. మా ఇంట్లో ఆ తరువాతి అరగంటను కొన్నేళ్ళుగా హెర్షీ బేర్స్ అనే ఐస్ హాకీ జట్టు నింపుతోంది. 2022 చివర్లో అమ్మాయికి పురుడు పోయడానికి నేనూ మా ఆవిడా పెన్సిల్వేనియా వెళ్ళి ఆరు నెలలు ఉన్నప్పుడు పెద్ద మనవడి పుణ్యమా అని ఈ ఆట నాకు అంటుకుంది. తిరిగి వచ్చాక వదిలిపోతుందనుకున్నాను, పోలేదు. ఇలాంటి జట్టు ఒకటి మీ పిల్లలుండే ఊళ్ళోనూ ఉండవచ్చు కనుక, రోజువారీ పనులు చెడకుండా దానితో పాటు నడవడం ఎలాగో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. హైదరాబాదులో హాకీ అంటే మైదానంలో ఆడే హాకీయే. ముఖేశ్ కుమార్ వంటి మూడు ఒలింపిక్స్ ఆడిన ఆటగాణ్ణి ఇచ్చిన ఊరు ఇది. కనుక పక్కింటివారికి మీరు హాకీ చూస్తున్నానని చెబితే ధ్యాన్‌చంద్ గురించి ఒక ఉపన్యాసం వినవలసి వస్తుంది. ఐస్ హాకీ అని పూర్తిగా చెప్పండి. మంచు మీద హాకీ ఏమిటని అడిగితే గడ్డకట్టిన నీటి నేల మీద, కాళ్ళకు ఉక్కు అంచుల బూట్లు తొడుక్కుని ఆడతారని చెబితే సరిపోతుంది.

ఏ జట్టును పట్టుకోవాలి

ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్. అందులో 32 జట్లు ఉన్నాయి. దాని కింది మెట్టు ఏహెచ్‌ఎల్ అనే అమెరికన్ హాకీ లీగు, అందులోనూ 32 జట్లే, పై లీగులోని ఒక్కొక్క జట్టుకు కింది లీగులో ఒక్కొక్క జట్టు అనుబంధంగా ఉంటుంది. దానికీ కింద ఈసీహెచ్‌ఎల్ అని మరో మెట్టు ఉంది. పెద్ద లీగు జట్టు వార్తలు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ టికెట్ల ధరలు చూస్తే అల్లుణ్ణి అడగడానికి కూడా మొహమాటం వేస్తుంది. చిన్న లీగు జట్టు అలా కాదు. అది ఒక ఊరికి చెందినది, ఆటగాళ్ళు బస్సులో తిరుగుతారు, టికెట్ తేలిక, మన పిల్లలు శనివారం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళగలరు. మనం ఇక్కడ తెల్లవారుజామున చూస్తున్న ఆటలో మనవాళ్ళు ఫలానా గోడ పక్కన కూర్చున్నారని తెలిసి చూడడంలో ఉన్న ఆనందం, కప్పులు గెలిచే ప్రఖ్యాత జట్టును ఎంచుకోవడంలో ఉండదు.

కాబట్టి జట్టును గొప్పను బట్టి ఎంచుకోవద్దు, పిల్లల చిరునామాను బట్టి ఎంచుకోండి. ఆస్టిన్ వైపు ఉంటే సీడార్ పార్కులో టెక్సస్ స్టార్స్, షార్లట్‌లో చెకర్స్, షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో వుల్వ్స్, శాన్ హోసేలో బారకూడా, హార్ట్‌ఫర్డ్‌లో వుల్ఫ్ ప్యాక్, కెనడాలో టొరంటో అయితే మార్లీస్ ఉన్నాయి. మా అమ్మాయి వాళ్ళది హారిస్‌బర్గ్‌కు నది అవతల ఉన్న మెకానిక్స్‌బర్గ్, అక్కడి నుంచి హెర్షీకి కారులో అరగంట ప్రయాణం. అందుకని మాకు బేర్స్ దక్కింది.

హెర్షీ అంటే చాక్లెట్ ఊరు. వీధి దీపాలు కూడా వాళ్ళు అమ్మే చాక్లెట్ ముద్దల ఆకారంలోనే ఉంటాయి. 1930లలో జట్టుకు పెట్టిన పేరు చాక్లెట్ బార్లను గుర్తు చేసే ‘బార్స్’. అది మరీ వ్యాపార ప్రకటనలా ఉందన్న అభ్యంతరం రావడంతో 1936లో ‘బేర్స్’, అంటే ఎలుగుబంట్లు, అయ్యారు. 1938లో ఈ లీగులో చేరి అప్పటి నుంచి అందులోనే ఆడుతున్నారు. లీగు విజేతకు ఇచ్చే కాల్డర్ కప్పును 2024 నాటికి 13 సార్లు గెలిచారు. జట్టు రంగు, ఊహించినట్టే, చాక్లెట్ గోధుమ.

గడియారం లెక్క

ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది వేళ దగ్గర. అందువల్ల ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

అమెరికా తూర్పు తీరంలో చలికాలపు వేళకు పదిన్నర గంటలు కలిపితే మన వేళ వస్తుంది. అక్కడ రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే ఆట మనకు మర్నాడు ఉదయం ఐదున్నరకు మొదలై ఎనిమిది ప్రాంతంలో ముగుస్తుంది. పాలప్యాకెట్లు వచ్చే వేళకు మొదలై, టిఫిన్ వేళకు అయిపోతుందన్న మాట. పింఛను తీసుకునే మనిషికి ఇంతకంటే అనువైన వేళ దొరకదు, క్రికెట్ ప్రపంచ కప్పు కూడా ఇంత మర్యాదగా రాదు. అయితే వాళ్ళు ఏటా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. వేసవి వేళ నడిచే రోజుల్లో తేడా తొమ్మిదిన్నర గంటలే కనుక అదే ఏడు గంటల ఆట మనకు తెల్లవారి నాలుగున్నరకే మొదలవుతుంది. ఆటలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి మొదటి నెల నాలుగున్నర, నవంబరు నుంచి మార్చి దాకా ఐదున్నర, ఆ తరువాత మళ్ళీ నాలుగున్నర అని గుర్తు పెట్టుకోండి. ఇది గుర్తు లేక నేను ఒక నవంబరులో నాలుగున్నరకే లేచి, టీవీ ముందు దుప్పటి కప్పుకుని గంటసేపు ఖాళీ తెరను చూస్తూ, తప్పంతా మాకు నెట్ ఇచ్చేవాళ్ళదే అనుకుని వాళ్ళకు ఫోన్ కూడా చేశాను. ఫోన్ ఎత్తిన కుర్రవాడు పాపం చాలా ఓపికగా అన్ని తీగలూ పీకి మళ్ళీ పెట్టించాడు.

మీ పిల్లలు టెక్సస్, షికాగో వైపు ఉంటే చలికాలంలో రాత్రి ఏడు గంటల ఆట మనకు ఉదయం ఆరున్నర. కాలిఫోర్నియా అయితే ఎనిమిదిన్నర. ఉద్యోగాలలో ఉన్నవారికి ఆ ఎనిమిదిన్నర ఆటలే కష్టం, ఆఫీసు క్యాబ్‌లో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినవలసిందే.

తేదీ కూడా మారుతుంది. వాళ్ళ శనివారం మన ఆదివారం. లీగు ఆటలు ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాల్లో, కొన్ని బుధవారాల్లో ఉంటాయి. మూడు రోజుల్లో మూడు ఆటలు ఆడడం ఈ చిన్న లీగులో మామూలే. అంటే మనకు శని, ఆది, సోమవారాలు తెల్లవారుజామున పని పడుతుంది, అప్పుడప్పుడు గురువారం కూడా. మన గోడ క్యాలెండర్ మీద మన తేదీనే రాసుకోండి. వాళ్ళ తేదీ రాసుకుని దాని పక్కన ‘మర్నాడు’ అని చేర్చే పద్ధతి నెల తిరిగేసరికి బెడిసికొడుతుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టే ఆటలు మనకు ఆదివారం అర్ధరాత్రి దాటాక, అంటే సోమవారం తెల్లవారకముందు ఒంటిగంటన్నరకు పడతాయి. వాటి జోలికి వెళ్ళకండి. రెండు వారాలు అలా మేలుకుని నేను రక్తపోటు మాత్రల మోతాదు పెంచుకోవలసి వచ్చింది. పొద్దున లేచాక యూట్యూబ్‌లో ఐదారు నిమిషాల ముఖ్యఘట్టాలు చూస్తే చాలు.

అసలు ఒక్క సీజనులోనే జట్టు 72 ఆటలు ఆడుతుంది, సగం సొంత ఊళ్ళో, సగం బయట. అన్నీ చూడాలని పెట్టుకుంటే డిసెంబరుకే విసుగు వస్తుంది, అంతకంటే ముందు ఇంట్లోవాళ్ళకు వస్తుంది. నెలకు నాలుగు ఆటలు పూర్తిగా, మరో నాలుగైదు చివరి ఇరవై నిమిషాలు మాత్రం, మిగిలినవి స్కోరు మాత్రం అన్న పద్ధతి నాకు కుదిరింది. ఆటలు ఇంటర్నెట్‌లో ఫ్లోహాకీ అనే చందా వేదిక మీద వస్తాయి. ఏడాది చందా ఒకేసారి కట్టకుండా ముందు ఒక నెలకు కట్టి, మీ ఇంటి నెట్ మీద, మీ టీవీలో సరిగ్గా ఆడుతోందో లేదో చూసుకోండి. స్కోరు చూడడానికి లీగు వెబ్‌సైటు ఉచితమే.

ఆట అర్థం కావడానికి కావలసినంత

నిబంధనల పుస్తకం చదవవద్దు. నేను చదివి నష్టపోయాను. మొదటి నెల ఈ కింది సంగతులు చాలు.

ఆట జరిగే మంచు నేలను రింకు అంటారు, దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. మన లెక్కలో దాదాపు 1,900 గజాలు, అంటే రెండు వందల గజాల ప్లాట్లు తొమ్మిదిన్నర. అంత స్థలంలో ఒక్కొక్క వైపు ఐదుగురు ఆటగాళ్ళు, గోల్‌కు కాపలా కాసే ఒక గోలీ తిరుగుతూ ఉంటారు. బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది, మూడంగుళాల అడ్డం, అంగుళం మందం. దాని బరువు మన క్రికెట్ బంతి బరువుకు ఇంచుమించు సమానం. మంచు మీద ఎగిరిపడకుండా జారాలని ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. క్రికెట్ బంతి బరువున్న, రాయిలా గట్టిపడిన రబ్బరు బిళ్ళ కారు వేగంతో వస్తుంటే ఒంటికి మెత్తలు కట్టుకుని ఎదురు నిలబడే గోలీ మీద మీకు గౌరవం కలిగితే సగం ఆట అర్థమైనట్టే.

ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మధ్యలో రెండు విరామాలు. ఆటగాళ్ళు ముప్పావు నిమిషం శక్తినంతా ధారపోసి ఆడి, ఆట ఆగకుండానే గోడ దూకి బెంచీ మీదికి వచ్చేస్తారు, వారి స్థానంలో మరొకరు దూకుతారు. మొదటిసారి చూసేవారికి మంచు మీద ఎంతమంది ఉన్నారో లెక్క తేలకపోవడానికి కారణం ఇదే. తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలు గాజుగదిలో కూర్చోవాలి. అంతసేపు అతని జట్టు నలుగురితోనే ఆడాలి, దాన్ని ఎదుటి జట్టు ‘పవర్ ప్లే’ అంటుంది. గోల్సు ఎక్కువగా పడే అవకాశం అప్పుడే కనుక, టీ పెట్టుకోవడానికి ఆ రెండు నిమిషాలను ఎంచుకోకండి. ఇక ఆఫ్‌సైడు అంటే పక్ కంటే ముందుగా ఎదుటివారి నీలి గీత దాటకూడదన్న నియమం. ఐసింగ్ అంటే తన సగంలో నుంచి పక్‌ను ఊరికే ఆ చివరికి తోసేయకూడదన్న నియమం. ఈల వినబడి ఎందుకో తెలియకపోతే ఈ రెంటిలో ఒకటి అనుకోండి, చాలాసార్లు సరిపోతుంది.

పక్ కనబడడం లేదని అందరూ చేసే ఫిర్యాదు. ఫోన్ తెర మీద నిజంగానే కనబడదు, టీవీకి కలుపుకోండి. టీవీలో కూడా పక్‌ను వెతకడం మానేసి ఆటగాళ్ళ భుజాలు ఏ వైపు తిరుగుతున్నాయో చూడండి. పది మంది భుజాలూ ఒకే చోటికి తిరిగితే పక్ అక్కడే ఉంటుంది. జాతరలో గొడవ ఎక్కడ జరుగుతోందో దూరం నుంచి కనిపెట్టే పద్ధతే ఇది.

ఇంటి పనుల మధ్య

విరామాలు పావుగంట దాటి ఉంటాయి. వాటికి తగ్గట్టు ఇంటి పనులను ముందే పంచుకోవడం ఈ అభిమానంలో కీలకమైన నేర్పు. మా ఇంట్లో మొదటి విరామంలో పాలు కాచి, డికాక్షన్ దింపి, ఇద్దరికీ కాఫీ కలపడం నా వంతు. రెండో విరామంలో సంపులో నుంచి పై ట్యాంకుకు మోటారు వేసి, చెత్తబండి వస్తే బుట్ట బయట పెట్టాలి. ఇవి తప్పకుండా చేస్తే టీవీ శబ్దం గురించి ఎవరూ మాట్లాడరు.

మోటారు విషయంలో మాత్రం నా అనుభవం చెప్పి హెచ్చరించాలి. 2023 జూన్ 22, గురువారం. కాల్డర్ కప్పు ఫైనలు ఏడో ఆట, చివరిది. కాలిఫోర్నియా ఎడారిలో కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ సొంత రింకులో కనుక మనకు ఉదయం ఏడున్నరకు మొదలైంది. బేర్స్ మొదట 0-2తో వెనకబడి, తరువాత రెండు గోల్సు వేసి సమం చేశారు. ఆట అదనపు పీరియడ్‌లోకి వెళ్ళింది. లీగు దశలో అయితే సమంగా ఉన్న ఆటను ముగ్గురేసి ఆటగాళ్ళతో ఐదు నిమిషాలు ఆడించి, అప్పటికీ తేలకపోతే షూటౌట్‌తో ముగిస్తారు. ప్లేఆఫ్స్‌లో అలాంటి దయ ఉండదు, ఎవరో ఒకరు గోల్ వేసేదాకా ఇరవై నిమిషాల చొప్పున ఆడుతూనే ఉంటారు. ఆ అదనపు పీరియడ్‌కు ముందు విరామంలో నేను మోటారు వేశాను. తరువాత మైక్ వెకియోనీ పక్‌ను గోల్‌లోకి నెట్టి 3-2తో కప్పు గెలిపించేదాకా నాకు మోటారు సంగతే గుర్తు లేదు. ఆటగాళ్ళు చేతి తొడుగులు గాలిలోకి విసిరి ఒకరి మీద ఒకరు పడుతుండగా, మా డాబా గొట్టంలో నుంచి నీళ్ళు జలపాతంలా కింద ఆరేసిన వడియాల మీద పడుతున్నాయి. మా ఆవిడ తడిసిన చాపను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఏమండీ, గెలిచారా?” అని మాత్రం అడిగింది. గెలిచారు కనుక బతికిపోయాను. ఆ రోజు నుంచి మోటారుకు ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాను, మీరూ పెట్టుకోండి.

పండుగల రోజుల్లో ఆట పెట్టుకోవద్దు. సంక్రాంతి సీజను నడుమ వస్తుంది, దీపావళి మొదట్లో వస్తుంది. రెండు పూటలూ టీవీ కట్టేసి స్కోరు సాయంత్రం చూసుకుంటే ఇంట్లో మీ పరపతి ఆరు నెలలు నిలుస్తుంది. ఐపీఎల్‌తో అసలు పేచీ లేదు, అది సాయంత్రం, ఇది తెల్లవారుజాము.

ఒక నోటుబుక్కు

ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు రాసిన చేయి కనుక నాకు నోటుబుక్కు లేనిదే ఆట చూసినట్టుండదు. మీకు ఆ అలవాటు లేకపోయినా ఒకటి పెట్టుకోమంటాను, ఎందుకంటే చిన్న లీగులో స్కోరు కంటే పెద్ద కథ ఆటగాళ్ళ రాకపోకలది, అది రాసుకోకపోతే నెల తిరిగేసరికి జట్టులో సగం మంది ఎవరో తెలియకుండా పోతుంది.

నా పుస్తకంలో ప్రతి ఆటకు ఒక వరుస: మన తేదీ, ఎదుటి జట్టు, స్కోరు, వచ్చినవారు, వెళ్ళినవారు. జట్టు పట్టికను చదవడం కూడా ఇందులోనే నేర్చుకోవచ్చు. 2023-24లో హెర్షీ రికార్డు 53-14-0-5 అని ఉంటుంది. 53 గెలుపులు, అరవై నిమిషాల్లోనే ఓడినవి 14, అదనపు సమయంలో ఓడినవి సున్నా, షూటౌట్‌లో ఓడినవి 5, మొత్తం 72 ఆటలు. గెలుపుకు రెండు పాయింట్లు, అదనపు సమయంలో గాని షూటౌట్‌లో గాని ఓడితే ఓదార్పుగా ఒకటి. కాబట్టి 106కు 5 కలిపి 111 పాయింట్లు. ఆ ఏడాది కూడా కప్పు వాళ్ళదే, ఫైనలులో ఎదురైనదీ అదే కోచెల్లా వ్యాలీ.

రాకపోకల సంగతికి వస్తాను. హెర్షీకి పై లీగులోని వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టుతో 2005 నుంచి అనుబంధం ఉంది. రెండు ఊళ్ళకూ మధ్య దూరం మన హైదరాబాదు నుంచి కోదాడ దాటినంత. వాషింగ్టన్‌లో ఎవరికైనా మోకాలు బెణికితే ఆ సాయంత్రమే హెర్షీ నుంచి ఒకణ్ణి పిలిపించుకుంటారు, అతను కారెక్కి వెళ్ళిపోతాడు. మోకాలు నయమయ్యాక తిప్పి పంపుతారు. లీగు నిబంధన కూడా కుర్రవాళ్ళకే అనుకూలం: గోలీలు కాక ఆటకు దింపే 18 మందిలో కనీసం 13 మంది వృత్తి ఆటలో ఇంకా అనుభవం గడిస్తున్నవారై ఉండాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవారిలో దాదాపు 90 శాతం ఈ లీగు నుంచి వెళ్ళినవారే. అందుచేత ఇక్కడ ఎవడు బాగా ఆడితే వాడు ముందుగా వెళ్ళిపోతాడు. మొదట్లో ఇది నాకు చాలా కష్టంగా తోచింది. మంచి జట్టు గెలుస్తూ ఉండగా మధ్యలో ఇద్దరిని లాక్కుపోతే ఎవరికి చెప్పుకోవాలి? మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది, “ఇది పుట్టిల్లండీ, అది అత్తారిల్లు,” అని. అప్పటి నుంచి నోటుబుక్కులో ‘వెళ్ళినవారు’ అన్న గడికి ‘అత్తారిల్లు’ అనే శీర్షిక పెట్టాను.

2023 ఫైనలులో ఆడిన కానర్ మక్‌మైకేల్ మరుసటి సీజను నుంచి వాషింగ్టన్‌లో స్థిరపడ్డాడు. హెండ్రిక్స్ లాపియెర్ 2023-24లో ఎక్కువ భాగం పైనే ఆడి, ప్లేఆఫ్స్‌కు హెర్షీకి తిరిగి వచ్చి, ఆ పోటీలో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. పురిటికి వచ్చిన ఆడపడుచు లాగా ఇల్లంతా సందడి చేసి వెళ్ళాడు. కోచ్‌లు కూడా వెళతారు: హెర్షీలో మూడేళ్ళు శిక్షణ ఇచ్చిన స్పెన్సర్ కార్బరీ 2023లో వాషింగ్టన్‌కే ప్రధాన కోచ్ అయ్యాడు. ఇలా వెళ్ళినవారిని పై లీగులో కూడా కాస్త కనిపెట్టి ఉండండి, కానీ పై లీగు ఆటలు చూడడం మొదలు పెట్టకండి. అక్కడ మళ్ళీ ఎనభైకి పైగా ఆటలు.

కాబట్టి ఒక్క నక్షత్ర ఆటగాడి మీద మనసు పెట్టుకోవద్దని నా సలహా. జట్టులో ఎప్పుడూ నలుగురైదుగురు పాతకాపులు ఉంటారు, ముప్పై దాటినవారు, ఇక పైకి పిలుపు రాదని తెలిసీ ఆడేవారు. వారిలో ఒకరిని ఎంచుకోండి. వాళ్ళు మార్చిలోనూ అక్కడే ఉంటారు.

మనవడికి కబురు

బుధవారం రాత్రి ఆట ఉన్నప్పుడు మా మనవణ్ణి రెండో పీరియడ్ కాగానే పడుకోబెడతారు, మర్నాడు బడి ఉంటుంది కనుక. మూడో పీరియడ్ చూసి చెప్పే బాధ్యత వనస్థలిపురంలో ఉన్న తాతయ్యది. వాడు పొద్దున ఆరున్నరకు లేచేసరికి మనకు సాయంత్రం ఐదవుతుంది, అప్పటికి వాట్సాప్‌లో నా మాటల రికార్డు సిద్ధంగా ఉండాలి. దీనికి వాడే పెట్టిన నియమాలు ఉన్నాయి. నిమిషం దాటకూడదు, ఫలితం చివర్లోనే చెప్పాలి, గోల్ ఎవరు వేశారో చెప్పే ముందు కొంచెం ఆగాలి. తెలుగులోనే చెబుతాను. ‘కుడి పక్క నుంచి వచ్చి, గోలీ కాళ్ళ సందులో నుంచి తోసేశాడు’ అంటే వాడికి అర్థమవుతోంది. ‘సందు’ అన్న మాట వాడికి ఈ ఆట వల్లనే వచ్చింది, ఇప్పుడు సోఫా వెనక దాక్కున్నా సందులో ఉన్నానంటాడట.

ఫలితాన్ని కుటుంబ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఒకసారి నేను ఉత్సాహంలో పెట్టేస్తే, ఆట రికార్డు చేసుకుని మర్నాడు చూద్దామనుకున్న అల్లుడుగారు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

అక్కడికి వెళ్ళినప్పుడు

హెర్షీ ఆడేది జెయింట్ సెంటర్‌లో, పదివేల మందికి పైగా పడతారు. లోపల చలి మన స్నో వరల్డ్ అంత కాకపోయినా స్వెటరు, మంకీ క్యాపు తప్పనిసరి, ముఖ్యంగా అరవై దాటినవారికి. గాజుగోడ పక్కనే కూర్చోవాలని అందరూ ఆశపడతారు కానీ అక్కడ నుంచి ఎదుటి సగం కనబడదు. మూల వైపు, పది పన్నెండు వరుసలు పైన కూర్చుంటే ఆట మొత్తం పరిచినట్టు కనిపిస్తుంది. పక్ ఎగిరి జనంలోకి వస్తుంది కనుక ఆట నడుస్తున్నప్పుడు ఫోన్ చూడకండి.

కుదిరితే జనవరి ప్రాంతంలో వచ్చే టెడ్డీ బేర్ ఆటకు వెళ్ళండి. సొంత జట్టు మొదటి గోల్ వేసిన క్షణంలో ప్రేక్షకులంతా వెంట తెచ్చుకున్న మెత్తటి బొమ్మలను మంచు మీదికి విసురుతారు. 2023 జనవరిలో మేమున్నప్పుడు 67,309 బొమ్మలు లెక్కకు వచ్చాయి, 2025 జనవరిలో 1,02,343 పడి రికార్డయింది. వాటిని స్థానిక ధార్మిక సంస్థల ద్వారా పిల్లలకు పంచుతారు. అంకె కంటే ఆ దృశ్యం వేరు. గోల్ పడిన మరుక్షణం పై వరుసల నుంచి బొమ్మలు వానలా రాలడం మొదలైంది. పై నుంచి విసిరినవి మంచు దాకా చేరక మా నెత్తిన పడితే, ముందు వరుసవారు వాటిని అందుకుని మళ్ళీ విసురుతున్నారు. మా ఆవిడ ఒళ్ళో ఒక ఊదారంగు ఏనుగు వచ్చి పడింది. విసరమంటే కొంచెంసేపు దాని చెవి సవరించి, అప్పుడు విసిరింది. అది రెండు వరుసల ముందున్న పెద్దమనిషి టోపీ మీద పడింది, అతను వెనక్కి తిరిగి నవ్వి అక్కడి నుంచి మంచు మీదికి చేర్చాడు. మంచు శుభ్రం చేసి ఆట మళ్ళీ మొదలు పెట్టడానికి చాలాసేపు పడుతుంది, కనుక ఈ ఒక్క ఆటకు పిల్లలకు తినడానికి ఏదైనా ముందే పెట్టి తీసుకువెళ్ళండి.

సీజను అయిపోయాక

లీగు దశ ఏప్రిల్‌లో ముగుస్తుంది. 32 జట్లలో 23 ప్లేఆఫ్స్‌కు వెళతాయి కనుక మీ జట్టు మరీ అధ్వానంగా ఆడకపోతే మే నెల దాకా పని ఉంటుంది, అదృష్టం బాగుంటే జూన్ ఆఖరు దాకా. ఆ రోజుల్లో ఆటలు ఎక్కువగా నాలుగున్నరకే కాబట్టి మామిడికాయ పచ్చడి పెట్టే రోజు ఏదో ఇంట్లో ముందే అడిగి తెలుసుకోండి. పొద్దున్నే కాయలు కొట్టించుకు రావడానికి రైతుబజారుకు మిమ్మల్నే పంపుతారు.

జూలై వేళకు కొత్త సీజను ఆటల పట్టిక విడుదలవుతుంది. మా వంటింటి గోడ క్యాలెండర్ మీద పాల లెక్క నీలం, గ్యాస్ బండ వచ్చిన తేదీ ఎరుపు, బేర్స్ ఆట గోధుమ రంగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆటలను మన వేళలోకి మార్చి అందులో ఎక్కించుకోండి. జనవరి తరువాతి వాటిని ప్రస్తుతానికి నోటుబుక్కు వెనక అట్ట మీద రాసి పెట్టుకుని, డిసెంబరు ఆఖరి వారంలో కిరాణా కొట్టువారు కొత్త క్యాలెండర్ ఇవ్వగానే అందులోకి మార్చుకోవచ్చు. మార్చి రెండో ఆదివారం దగ్గర మాత్రం గడియారం గుర్తు ఒకటి వేయడం మరచిపోకండి.